సంబంధం లేదని రాసిచ్చిన కాగితం

మా బాబాయి లారీ డ్రైవరు. అంబాజీపేటలో కొబ్బరికాయలు ఎత్తించుకుని రాజమండ్రి, మారేడుమిల్లి ఘాట్, చింతూరు మీదుగా రాయపూర్ దాకా తోలేవాడు. 2017 వేసవిలో ఒక తెల్లవారుజామున చింతూరు దాటి ఛత్తీస్‌గఢ్‌లోని కొంట వైపు పోతుంటే రోడ్డు కింద మందుపాతర పేలింది. క్లీనర్ కుర్రాడు బతికాడు. బాబాయి బతకలేదు. పోలీసు జీపు కోసం అన్నలు, అంటే మావోయిస్టులు, పెట్టిందట అది. బరువు పడితే పేలే రకం. ఆ రాత్రి జీపు రాలేదు, లారీ వచ్చింది.

వారం తర్వాత ఆ రోడ్డు మీద ఒక కరపత్రం దొరికిందని క్లీనర్ కుర్రాడు చెప్పాడు. అందులో పొరపాటు జరిగిందని రాసి ఉందట. పిన్ని ఆ మాట రెండుసార్లు అడిగి చెప్పించుకుంది. "పొరపాటంటే ఏంటమ్మాయ్, వాళ్లకు లారీ కనపడలేదా?" అంది.

నేను ఊళ్లో ప్రైవేటు స్కూల్లో సోషల్ చెబుతాను. పిన్ని ఐదో తరగతితో చదువు ఆపేసింది. నాన్నకు అప్పటికే మోకాళ్లు పోయాయి. కాబట్టి ఫైలు పట్టుకుని తిరగడం నా వంతయింది. మొత్తం ఐదేళ్ల పైనే పట్టింది. ఇలాంటి ఫైలు మోసేవాళ్లు ఇంకెవరైనా ఉంటే పనికొస్తుందని రాయడం మొదలుపెట్టాను గానీ, తిరిగినన్నాళ్లూ నన్ను వదలని ప్రశ్న ఒకటుంది, దాని గురించే ఎక్కువ రాస్తానేమో.

ముందు విషయం. తీవ్రవాద, మతకల్లోల, నక్సల్ హింసలో చనిపోయిన సామాన్యుల కుటుంబాలకు కేంద్ర హోంశాఖ పథకం ఒకటి 2008 నుంచి ఉంది. మొదట 3 లక్షలు ఇచ్చేవారు, 2016 ఆగస్టు నుంచి జరిగిన ఘటనలకు 5 లక్షలు చేశారు. ఆ డబ్బు వెంటనే చేతికి రాదు. మూడేళ్లు ఫిక్స్‌డ్ డిపాజిట్‌లో ఉంచుతారు, వడ్డీ మాత్రం ఖాతాలో పడుతుంది. మాకు ఈ సంగతి చెప్పింది ఒక రిటైర్డ్ వీఆర్వో గారు. ఆయన చెప్పకపోతే అలాంటిది ఉందని కూడా తెలిసేది కాదు.

కావలసిన కాగితాలు ఎఫ్‌ఐఆర్ కాపీ, శవ పంచనామా, పోస్టుమార్టం రిపోర్టు, మరణ ధ్రువపత్రం, ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్, పాస్‌బుక్కు, ఆధార్లు. మాకు పంచనామాలో ఇంటిపేరు ఒక అక్షరం తేడా పడింది. ఆ ఒక్క అక్షరం సరిచేయించడానికి నాలుగు నెలలు పోయాయి. మీరు మాత్రం పంచనామా కాపీ చేతికి రాగానే ఆధార్ పక్కన పెట్టి అక్షరం అక్షరం సరిచూసుకోండి.

అన్నిటికంటే కష్టమైన కాగితం ఇంకొకటి. చనిపోయిన మనిషికి హింసతో సంబంధం లేదని పోలీసులు విచారించి రాసివ్వాలి. అది న్యాయమే, బాంబు పెట్టబోయి తానే చనిపోయినవాడి ఇంటికి సొమ్ము ఇవ్వకూడదు కదా. కానీ విచారణ మన ఇంటికి వచ్చినప్పుడు అది వేరుగా ఉంటుంది. ఒక కానిస్టేబుల్ గారు ఊళ్లోకి వచ్చి వీధిలో అడిగారు. ఈయన అడవిలోకి బియ్యం, మందులు ఏమైనా చేరవేసేవాడా? కొత్తవాళ్లు ఎవరైనా ఇంటికి వచ్చేవారా? ఎదురింటి తాతగారు, "ఆయ్, ఆయనకు లారీ తప్ప ఇంకేం తెలుసండి" అన్నారు. కానిస్టేబుల్ గారు మర్యాదగానే రాసుకున్నారు.

పిన్ని మాత్రం ఆ రాత్రి నిద్రపోలేదు. అంతకు ముందు ఏడాది బాబాయి లారీని అన్నలు ఆపారు. తుపాకులతో ఉన్నారు. ఐదొందలూ, అన్నం క్యారేజీ ఇచ్చేసి వచ్చాడు. ఇంటికొచ్చి నవ్వుతూ, "నీ పప్పుచారు అడవిలోకి వెళ్లింది" అన్నాడట. ఇప్పుడు ఆ సంగతి చెప్పాలా అని పిన్ని నన్ను అడిగింది. "చెప్పకపోతే అబద్ధమవుతుందా తల్లీ?"

వద్దన్నాను. తుపాకీ ముందు అన్నం క్యారేజీ ఇవ్వడాన్ని సాయం అనరని నా నమ్మకం. ఆ రోజు ఎంత నమ్మానో ఇప్పుడూ అంతే. కానీ ఆ భయం ఎందుకు వచ్చిందో ఆలోచిస్తే కడుపులో మండేది. అడవిలో వాళ్లు దొరికితే "నువ్వు పోలీసుల మనిషివా" అంటారు. ఇక్కడ చనిపోయాక "నువ్వు వాళ్ల మనిషివా" అని అడుగుతారు. ఎవరి మనిషీ కాకుండా కొబ్బరికాయలు తోలుకునేవాడికి, ఎవరి మనిషీ కాదని రుజువు కావాలి.

2018లో చింతూరు వైపు వెళ్లాల్సి వచ్చింది, పంచనామా సాక్షుల సంతకాల కోసం. రాజమండ్రిలో ఆర్టీసీ బస్సు ఎక్కి, ఘాట్ రోడ్డులో పిన్ని రెండుసార్లు వాంతి చేసుకుంది. సాక్షి ఒకాయన పొలంలో ఉన్నాడంటే, రోడ్డు పక్క టీ కొట్టు దగ్గర మధ్యాహ్నం దాకా కూర్చున్నాం. అక్కడ విప్పపువ్వు అమ్మడానికి వచ్చిన ఒకామె ఉంది. సరిహద్దు అవతల నుంచి వచ్చిన కోయవాళ్లు అడవిలో గుడిసెలు వేసుకుని ఉంటారని, ఆమె వాళ్ల మనిషని కొట్టు నడిపే అక్క చెప్పింది. మేమెందుకు వచ్చామో కూడా అక్కే ఆమెకు కోయలో చెప్పింది.

ఆమె కాసేపు పిన్ని చేతిలోని ఫైలు వంక చూసింది. తర్వాత చాలాసేపు మాట్లాడింది. అక్క తెలుగులో చెప్పుకొచ్చింది. 2006లో వాళ్ల ఊరు తగలబెట్టారు. నిప్పు పెట్టింది జుడుం వాళ్లు, అంటే అన్నల మీదకు లేపిన సల్వా జుడుం గుంపులు, వెనక యూనిఫాం వాళ్లు ఉన్నారు. ఆమె తోడబుట్టిన అన్నను కాల్చేశారు. స్టేషన్‌కు వెళ్లలేదు, కాల్చినవాళ్లు అక్కడే ఉంటే ఎలా వెళ్తాం అంది. రాత్రుళ్లు నడిచి నది దాటి ఇటు వచ్చారు. చివరికి ఆమె అడిగింది ఒక్కటే. "మా అన్నకు కూడా ఇలాంటి కాగితం ఇస్తారా?"

నాకు నోట మాట రాలేదు. సల్వా జుడుం పేరుతో గిరిజన యువకులకు తుపాకులిచ్చి స్పెషల్ పోలీసులుగా పంపడం రాజ్యాంగ విరుద్ధమని 2011 జూలైలో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చిందని నాకు తెలుసు. క్లాసులో ఎప్పుడో చెప్పాను కూడా. ఆ తీర్పుకీ ఈమెకీ మధ్య దూరం ఎంతో ఆ టీ కొట్టు దగ్గర తెలిసింది. సంచిలో పెన్ను ఉంది, తెల్ల కాగితాలున్నాయి. రాసి ఇవ్వొచ్చు. కానీ సాక్షి వచ్చాడన్నారు, తిరుగు బస్సు టైమయింది. లేచి వచ్చేశాం.

ఆ ఏడాదే ఎనిమిదో తరగతిలో అల్లూరి గురించి చెబుతుంటే ఒక అబ్బాయి లేచాడు. "టీచర్, అల్లూరి కూడా పోలీసుల మీదే కదా దాడి చేశాడు. ఆయన వీరుడైతే ఇప్పటి మావోయిస్టులు తీవ్రవాదులెలా అయ్యారు?" వాడికి మా ఇంటి సంగతి తెలియదు. రేపు చెబుతానన్నాను. ఆ రేపు చాలా రోజులు పట్టింది.

మా గోదావరి వాళ్లకు ఈ ప్రశ్న పుస్తకాల్లోది కాదు. అల్లూరి వంశం భీమవరం దగ్గర మోగల్లుది. ఆయన చదివింది నర్సాపురం, రాజమండ్రి, కాకినాడల్లో. ఊరూరా విగ్రహం ఉంది, మా స్కూల్ గేటు పక్కనా ఉంది. ఆయన హింస చేయలేదని నేను పిల్లలకు అబద్ధం చెప్పలేను. 1922 ఆగస్టులో వరసగా మూడు రోజుల్లో చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి స్టేషన్ల మీద దాడి చేశాడు. కానీ ఏమేం తీసుకెళ్తున్నాడో రాసి సంతకం పెట్టి మరీ వెళ్లాడు. సెప్టెంబరు 24న దామనపల్లి ఘాట్‌లో కాపు కాసినప్పుడు ముందు నడుస్తున్న దేశీయ సిపాయిలను పోనిచ్చి, వెనక వచ్చిన స్కాట్ కవర్డ్, హైటర్ అనే ఇద్దరు తెల్ల అధికారులనే కాల్చారు. వాళ్లూ ఎవరో తల్లి కన్న బిడ్డలే, అది నేను మరచిపోను. అయినా అక్కడ ఒక చూపు ఉంది. ఎవరు వెళ్తున్నారో చూసి, వీడిని వదిలేద్దాం అనుకునే మనిషి ఒకడున్నాడు.

మందుపాతరకు ఆ చూపు లేదు. అది పెట్టినవాడు పెట్టిన క్షణంలోనే, తర్వాత ఆ రోడ్డు మీద ఎవరు వచ్చినా సరే అని ఒప్పేసుకున్నాడు. అందుకే దాన్ని పొరపాటు అంటే నేను ఒప్పుకోను. 1933 కాకినాడ బాంబు కేసు కూడా గుర్తొచ్చింది. వాడపల్లి రథోత్సవంలో 1931లో జనం మీద కాల్పులు జరిపించిన పోలీసు అధికారి కోసం తయారుచేసిన బాంబులవి. ఆయన్ను తాకలేదు, అనుకోకుండా పేలి దారినపోయేవాళ్లు గాయపడ్డారు. ఆ పని చేసినవాళ్ల త్యాగం గురించి మనం రాసుకున్నాం. గాయపడినవాళ్ల పేర్లు ఒక్కటీ నాకు తెలియదు, సోషల్ టీచర్ని అయ్యుండీ. ప్రభుత్వాలు కూడా ఇందులో చేతులు కడుక్కోలేవు. మనుషుల్ని చంపే మందుపాతరలను నిషేధిస్తూ 1997లో ఒట్టావాలో ఒప్పందం కుదిరింది, మన దేశం ఇప్పటికీ అందులో లేదు.

ఆ అబ్బాయికి చివరికి ఇదే చెప్పాను. ఎవరు ఎవరిని కొట్టారన్నది ఒక్కటే చూడకు, కొట్టేముందు ఎవరిని లెక్కలోంచి తీసేశారో చూడు అన్నాను. వాడు, "జుడుం వాళ్లు కూడా అంతేనా టీచర్?" అన్నాడు. అంతే అన్నాను. చట్టం పేరుతో వచ్చి ఊరు తగలబెడితే ఇంకా ఎక్కువ తప్పు, కాపాడాల్సినవాళ్లే ఆ పని చేశారు కాబట్టి.

2019లో డబ్బు మంజూరైంది. మూడేళ్ల డిపాజిట్. వడ్డీతో పిల్లల ఫీజులు గడిచాయి. దాని గురించి ఎక్కువ చెప్పడానికి లేదు.

2022 ఏప్రిల్ 4న కొత్త జిల్లాలు వచ్చాయి. బాబాయి చనిపోయిన చోటు పాడేరు కేంద్రంగా అల్లూరి సీతారామరాజు జిల్లాలోకి వెళ్లింది. మా ఊరు అమలాపురం కేంద్రంగా కోనసీమ జిల్లాలోకి వచ్చింది. డిపాజిట్ విడుదలకు జిల్లా నుంచి ఉత్తరం తెమ్మన్నారు బ్యాంకులో. ఏ జిల్లా అన్నది వాళ్లకూ తెలియదు.

దాని కోసమే మే 24న అమలాపురం వెళ్లాం. కోనసీమకు అంబేడ్కర్ పేరు కలుపుతామని ప్రభుత్వం ప్రకటించింది, వద్దని గొడవ జరుగుతోందని తెలుసు గానీ అంత అవుతుందనుకోలేదు. మధ్యాహ్నానికి గడియార స్తంభం వైపు నుంచి కుర్రాళ్లు గుంపులు గుంపులుగా పరిగెడుతున్నారు. రాళ్లు పడుతున్నాయి. ఒక మందుల షాపాయన మమ్మల్ని లోపలికి లాగి షట్టర్ దించేశాడు. ఆ సాయంత్రం మంత్రి ఇల్లు, ఎమ్మెల్యే ఇల్లు తగలబెట్టారు, బస్సులు తగలబెట్టారు. పోలీసులకు గాయాలయ్యాయి. షట్టర్ సందులోంచి పరిగెడుతున్న ముఖాలు కనిపించాయి. ఒకడు నా దగ్గర చదివినవాడే. చేతిలో రాయి ఉంది. వాడి ముఖంలో కోపం కంటే సంబరం ఎక్కువుంది, అది నన్ను భయపెట్టింది. పిన్ని ఫైలును పొట్టకు హత్తుకుని గోడ పక్కన కూర్చుంది. "వీళ్లకు ఎవరేం చేశారమ్మాయ్?" అంది.

ఎవరూ ఏమీ చేయలేదు. ఒక పేరు కలిపారు, అంతే. ఒక మనిషి పేరు తమ ఊరికి ఉండకూడదని ఇళ్లు తగలబెట్టేదాకా వెళ్లారంటే, అది కులం తప్ప ఇంకొకటి కాదు. నా కులం వాళ్లు కూడా ఆ గుంపులో ఉన్నారు, అందుకే ఇది రాయకుండా ఉండలేను.

రోజుల తరబడి ఇంటర్నెట్ లేదు. ఆ రోజుల్లోనే ఇంట్లో ఉన్న పాత పుస్తకంలో అంబేడ్కర్ 1949 నవంబరు 25న రాజ్యాంగ సభలో చేసిన ప్రసంగం మళ్లీ చదివాను. రాజ్యాంగ మార్గాలు తెరిచి ఉన్నప్పుడు నెత్తుటి దారులు వదిలేయాలన్నారాయన. సత్యాగ్రహాన్ని కూడా పక్కన పెట్టమన్నారు. ఇన్నాళ్లూ చదివి దాటేసిన మాట ఈసారి ఆగి చదివాను, తెరిచి ఉన్నప్పుడు అన్న మాట. అమలాపురం కుర్రాళ్లకు అర్జీ ఉంది, కోర్టు ఉంది, ఓటు ఉంది. అన్నీ తెరిచే ఉన్నాయి. విప్పపువ్వు అమ్ముకునే ఆమెకో? కోర్టు తలుపు తెరిచే ఉంది, తీర్పు కూడా వచ్చింది. ఆ తలుపు దాకా తీసుకెళ్లాల్సింది ఎవరు? పెన్ను సంచిలో పెట్టుకుని బస్సు ఎక్కేసిన నాలాంటివాళ్లే కదా.

జూలైలో గోదావరికి పెద్ద వరద వచ్చింది. భద్రాచలం దగ్గర 71 అడుగులు దాటింది. మా లంకలూ మునిగాయి, చింతూరూ మునిగింది. మా పాత ఫైలు కొత్త జిల్లాకు పంపేశారని, అది చింతూరులో ఉందని తెలిసి అక్టోబరులో మళ్లీ బయలుదేరాం. ముందు రోజు రాత్రి నేను ఒక అర్జీ రాశాను. ఆమె చెప్పిన ఊరు, సంవత్సరం, జరిగింది జరిగినట్టు. పేరు దగ్గర ఖాళీ వదిలాను, ఆ రోజు ఆమె పేరు కూడా అడగలేదు.

మా ఉత్తరం ఆ రోజే ఇచ్చారు. టీ కొట్టు వరదకు కొట్టుకుపోతే అక్క కాస్త ఎత్తున కొత్తగా రేకులు వేసుకుంది. మమ్మల్ని గుర్తుపట్టింది. ఆ గుడిసెలవాళ్లు వరదకు ముందే లేచిపోయారని, కొందరు భద్రాచలం అవతలికి, కొందరు వెనక్కి వెళ్లారని చెప్పింది. ఆమె ఎటు వెళ్లిందో అక్కకు తెలియదు. అర్జీ జిరాక్సు ఒకటి అక్క దగ్గర ఉంచి, మళ్లీ వస్తే ఫోన్ చేయించమని నా నంబరు రాసిచ్చాను. అసలు కాగితం పిన్ని ఫైల్లోనే పెట్టింది, బాబాయికి సంబంధం లేదని రాసిచ్చిన కాగితం వెనకాలే.