మార్చి 14, 2001: ఒక్క వికెట్టూ పడని రోజు

కోల్‌కతా ఈడెన్ గార్డెన్స్‌లో ఆస్ట్రేలియాతో ఆడిన టెస్టు అనగానే చాలామంది మార్చి 15 గురించే చెబుతారు, మనం గెలిచింది ఆ రోజే కాబట్టి. నా లెక్కలో గుర్తు పెట్టుకోవాల్సింది అంతకు ముందు రోజు, 2001 మార్చి 14, బుధవారం. 90 ఓవర్లు, 335 పరుగులు, పడ్డ వికెట్లు సున్నా. ఉదయం 4 వికెట్లకు 254 ఉన్న మన స్కోరు సాయంత్రానికి అవే 4 వికెట్లకు 589 అయింది. లక్ష్మణ్ 109 నుంచి 275కి, ద్రావిడ్ 7 నుంచి 155కి వెళ్లారు.

అక్కడికి ఎలా వచ్చామో చూస్తేనే దీని విలువ తెలుస్తుంది. ఆస్ట్రేలియా వరుసగా 16 టెస్టులు గెలిచి ఉంది. అందులో చివరిది ముంబైలో మన మీదే, మూడు రోజుల్లో ముగిసిన మ్యాచ్. కోల్‌కతాలో వాళ్లు 445 చేస్తే మనం 171కే ఆలౌటయ్యాం. అందులో 59 లక్ష్మణ్‌వే, చివరి వికెట్టూ అతనిదే. 274 వెనకబడ్డాం.

ఐదు రోజుల మ్యాచ్‌లో తొలి ఇన్నింగ్స్ తేడా 200 లేదా అంతకు మించి ఉంటే ఫాలో ఆన్, అంటే వెనకబడ్డ జట్టు చేత వెంటనే రెండో ఇన్నింగ్స్, ఆడించవచ్చు. ఆడించి తీరాలని లేదు, అది కెప్టెన్ ఇష్టం. ఆస్ట్రేలియా కెప్టెన్ స్టీవ్ వా ఆడించాడు. తొలి ఇన్నింగ్స్‌లో తన బౌలర్లు వేసింది సుమారు 58 ఓవర్లే కాబట్టి అలిసిపోలేదనుకోవడంలో తప్పు లేదు. తేడా కొట్టింది ఆ తర్వాత. రెండో ఇన్నింగ్స్ 178 ఓవర్లు సాగింది. అంటే మధ్యలో బ్యాటింగ్ విరామమే లేకుండా అదే బౌలర్లు, అదే ఎండలో, సుమారు 236 ఓవర్లు మైదానంలో ఉన్నారు. ఫాలో ఆన్‌తో వచ్చే చిక్కు ఇదే: ప్రత్యర్థి ఒక్క జోడీ కుదురుకుంటే చాలు, మిగిలే విశ్రాంతి భోజనం, టీ, రాత్రి నిద్ర మాత్రమే. చివరికి వికెట్ కీపర్ గిల్‌క్రిస్ట్, స్టీవ్ వా తప్ప తొమ్మిది మందీ బంతి పట్టారు. బ్యాటర్లైన స్లేటర్, లాంగర్‌లు కూడా వేశారంటే పరిస్థితి అర్థం చేసుకోవచ్చు.

మనవాళ్లు చేసిన మార్పు ఒక్కటే. తొలి ఇన్నింగ్స్‌లో ఆరో స్థానంలో ఆడిన లక్ష్మణ్‌ను మూడుకు పంపి, ద్రావిడ్‌ను ఆరుకు దించారు.

ఇక లెగ్ స్పిన్నర్ షేన్ వార్న్‌ను ఆడిన తీరు. పేస్ బౌలర్ల బూట్లు తవ్వేసిన గరుకు నేల లెగ్ స్టంప్ బయట ఉంటుంది. వార్న్ బంతి అక్కడ పడి ఆఫ్ వైపు పెద్దగా తిరుగుతుంది. మామూలుగా ప్యాడ్ అడ్డుపెట్టి వదిలేస్తారు. అలా చేస్తే పరుగులు రావు, బౌలర్ ఒకేచోట వేస్తూ కూర్చుంటాడు. లక్ష్మణ్ క్రీజు వదిలి ముందుకొచ్చి, బంతి తిరగకముందే, పడ్డచోటే అందుకున్నాడు. కాస్త లెగ్ వైపు జరిగి కవర్స్ మీదుగా ఒకటి, అలాంటి బంతినే మణికట్టు తిప్పి మిడ్ వికెట్ వైపు మరొకటి. కవర్స్‌లో మనిషిని పెడితే మిడ్ వికెట్ ఖాళీ, అక్కడికి జరిపితే కవర్స్ ఖాళీ. దీన్ని అనుకరించబోయేవాళ్లు ఒకటి గమనించాలి: అడుగు అర గజం తక్కువైతే బంతి తిరిగి వెళ్లిపోతుంది, స్టంపౌటే. తిరిగే దిశకు ఎదురుగా మణికట్టు తొందరగా తిప్పితే అంచు తగిలి క్యాచ్ లేస్తుంది. జైసింహ, అజహర్ల హైదరాబాద్ నుంచి వచ్చినవాడికి మణికట్టు గురించి చెప్పేదేముంది! వార్న్ లెక్క 34 ఓవర్లు, 152 పరుగులు, ఒక్క వికెట్టు.

మర్నాడు లక్ష్మణ్ 281 దగ్గర అవుటయ్యాడు: 452 బంతులు, 44 ఫోర్లు. గావస్కర్ 236 అప్పటిదాకా భారత టెస్టు రికార్డు. భాగస్వామ్యం 376 దగ్గర ఆగింది, ద్రావిడ్ 180 చేసి రనౌటయ్యాడు. 7 వికెట్లకు 657 దగ్గర గంగూలీ డిక్లేర్ చేసి 384 లక్ష్యం పెట్టాడు. ఇంకా ముందే చేయాల్సిందని కొందరంటారు, నేను ఒప్పుకోను. 75 ఓవర్లే ఉన్నప్పుడు ఓటమి భయం లేకుండా బ్యాటర్ చుట్టూ ఫీల్డర్లను మోహరించాలంటే ఆ పరుగులు కావాలి.

టీ సమయానికి ఆస్ట్రేలియా 3 వికెట్లకు 161. డ్రా అనిపించింది. ఆ తర్వాత 166 నుంచి 174 లోపు ఐదు వికెట్లు పోయాయి. హర్భజన్ ఆరు తీశాడు, మ్యాచ్‌లో మొత్తం 13. టెండూల్కర్‌కు మూడు: గిల్‌క్రిస్ట్, హేడెన్, వార్న్. ఆస్ట్రేలియా 212కి ఆలౌట్, 171 పరుగుల విజయం.

మిగిలిన ఒక్క వికెట్టు, మార్క్ వాను సున్నాకే ఎల్బీగా పంపింది, హైదరాబాదీ వెంకటపతి రాజు. అదే అతని ఆఖరి టెస్టు.