కాలనీలోకి సూపర్ మార్కెట్ వస్తోందంటే ముందు ప్లాన్ అడగండి

విశాఖపట్నంలో ఎంవీపీ కాలనీ, సీతమ్మధార లాంటి చోట ఇళ్ల మధ్య చెయిన్ సూపర్ మార్కెట్ కడుతున్నారని తెలియగానే అందరూ సంతకాలు పోగేస్తారు. అది తర్వాతి పని. ఆ స్థలం నగరాభివృద్ధి సంస్థ వీఎంఆర్‌డీఏ మాస్టర్ ప్లాన్‌లో ఏ జోన్‌లో ఉంది, నగర పాలక సంస్థ జీవీఎంసీ అనుమతి నివాసానికా, వ్యాపారానికా అన్నది ముందు తేల్చుకోవాలి.

అందుకు సర్వే నంబరు వేసి, 10 రూపాయల రుసుముతో సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. "ఎందుకు అనుమతించారు" అని అడిగితే పని జరగదు. మంజూరైన ప్లాన్ నకలు, అందులో చూపిన రోడ్డు వెడల్పు, పార్కింగ్ విస్తీర్ణం అడగాలి. 30 రోజుల్లో జవాబు రాకపోతే ఆ తర్వాతి 30 రోజుల్లో మొదటి అప్పీలు వేయాలి.

నకలు చేతికొచ్చాక టేపు పట్టుకుని రోడ్డు కొలవండి. కాగితం మీది వెడల్పు, నేల మీది వెడల్పు వేరైతే అదే మీ అసలు బలం. సెల్లార్ పార్కింగ్ గోడౌన్‌గా మారితే కార్లన్నీ వీధిలోకే వస్తాయి. కాబట్టి ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ (భవనాన్ని వాడుకోవచ్చని ఇచ్చే పత్రం) ఇవ్వకముందే జీవీఎంసీ టౌన్ ప్లానింగ్ విభాగంలో అభ్యంతరం ఇచ్చి, రసీదు తీసుకోండి.

వీధి చివరి కిరాణా కొట్టు దెబ్బతింటుందన్న బాధ నిజమైనదే. ప్లానింగ్ అధికారి మాత్రం దాన్ని లెక్కలోకి తీసుకోడు. జనరేటర్, సరుకు లారీల మోత గురించి రాయండి: నివాస ప్రాంతంలో పరిమితి పగలు 55, రాత్రి 10 దాటాక 45 డెసిబెల్స్.