బీరువా నిండా వద్దు, కట్టుకునేవి చాలు

ఒడిశాలోని కోరాపుట్ జిల్లాలో, చేనేతకి పేరున్న చోట ఉండి కూడా మనవాళ్లు ఆన్‌లైన్‌లో పాలిస్టర్ కుర్తీలు వరసపెట్టి ఆర్డర్ పెడుతుంటే నాకు నిజంగా బాధేస్తుందండి. పాలిస్టర్ అంటే ప్లాస్టిక్కే కదా, ఉతికినప్పుడల్లా కంటికి కనబడనంత సన్నటి పోగులు నీళ్లలో కలిసిపోతాయి. కాటనైనా అంతే, ఊరికే కొని పడేయకూడదు, ఒక్క టీషర్ట్ వెనక 2,700 లీటర్ల దాకా నీళ్లుంటాయని లెక్క.

మన జయపురం దగ్గర్లోనే కోట్‌పాడ్ ఉంది. అక్కడ మిర్గాన్ కులం నేతగాళ్లు తొగరు చెట్టు వేరుతో రంగు తీస్తారు, ముందు నూలుకి ఆముదం, పేడ, బూడిద పట్టించి నానబెట్టి ఎండబెట్టి మళ్లీ నానబెట్టి అలా రోజుల తరబడి చేస్తేగానీ ఆ ముదురు ఎరుపు రాదు, అదే రంగులో అన్నభేది (ఇనుముతో చేసే ఒక లవణం) కలిపితే నలుపుకి తిరుగుతుంది. ఒడిశాలో జీఐ గుర్తింపు, అంటే ఇది ఫలానా ఊరి సరుకేనని ఇచ్చే గుర్తింపు, మొదట వచ్చింది ఈ కోట్‌పాడ్ బట్టకే, 2005లో. రేటు ఎక్కువే, కాదనను. కానీ ఒక్క దుపట్టా కొనుక్కోండి, తెల్లటి పొందూరు ఖాదీ కుర్తా మీద వేస్తే పెళ్లికెళ్లొచ్చు, జీన్స్ మీద వేస్తే ఆఫీసుకెళ్లొచ్చు, రెండుచోట్లా అందరూ ఆగి అడుగుతారు ఎక్కడ కొన్నావే అని!

అమ్మ బరంపురం పట్టుచీర మడతల్లో చిరిగిపోయినా గుడి గోపురాల్లాంటి కుంభం అంచు గట్టిగానే ఉంటుంది, దాన్ని జాకెట్ చేతులకి వేయించండి. కుట్టించేటప్పుడు పక్కల్లో అంగుళం గుడ్డ లోపలికి వదలమని టైలర్‌కి గట్టిగా చెప్పండి, రేపు ఒళ్లొస్తే విప్పుకోవచ్చు.