జర్మనీలో ఆన్‌లైన్‌లో కొన్నది వెనక్కి ఇవ్వాలంటే

యూరోపియన్ యూనియన్‌లో ఆన్‌లైన్‌లో కొన్న వస్తువును 14 రోజుల్లోగా, కారణం చెప్పకుండానే వద్దనుకోవచ్చు. లెక్క ఆర్డర్ పెట్టిన రోజు నుంచి కాదు, పార్శిల్ చేతికందిన మర్నాటి నుంచి. కొత్తగా జర్మనీ వెళ్లిన మన విద్యార్థులు దెబ్బతినేది ఇక్కడే: ఏమీ రాయకుండా పెట్టె తిప్పి పంపేస్తారు. అక్కడి చట్టం ప్రకారం అంతమాత్రాన కొనుగోలు రద్దు కాదు. ముందు ఆర్డర్ నంబర్ వేసి "ఈ కొనుగోలు రద్దు చేసుకుంటున్నాను" అని మెయిల్ పెట్టండి. ఆ తర్వాత 14 రోజుల్లో వస్తువు పంపి, పోస్టు రసీదు జాగ్రత్త చేయండి. పంపినట్టు రుజువు ఉంటే, పార్శిల్ ఇంకా చేరలేదని డబ్బు ఆపడానికి వీల్లేదు. మొదట కట్టిన మామూలు డెలివరీ ఛార్జీ కూడా తిరిగి రావాలి. దాన్ని అడగకుండా వదిలేయకండి. ఈ హక్కు గురించి అమ్మినవాళ్లు చెప్పనే లేదా? గడువు మరో 12 నెలలు పెరుగుతుంది. విమాన టికెట్లకు, మన కొలతలకు చేయించుకున్న వస్తువులకు మాత్రం ఇది వర్తించదు.