నా డీఎం థీసిస్: ఒక్క ఊపిరిలో ఎంతదాకా?

న్యూరాలజీ డీఎం అంటే ఎండీ తర్వాత నరాల వైద్యంలో చేసే మూడేళ్ల కోర్సు. చేరిన కొద్ది నెలలకే థీసిస్ టాపిక్ ఇవ్వాలి. నేను గులియన్ బారే సిండ్రోమ్ తీసుకున్నాను. వార్డులో అందరం జీబీఎస్ అంటాం. విరేచనాలో జ్వరమో వచ్చి తగ్గాక, ఒంట్లోని రక్షణ వ్యవస్థ దారి తప్పి సొంత నరాల మీదే పడే జబ్బు ఇది. కేసులు బాగానే వస్తాయి, తొందరగా గట్టెక్కుతాను అనుకున్నాను.

మొదటి దెబ్బ ఎథిక్స్ కమిటీలోనే తగిలింది. తెలుగు సమ్మతి పత్రంలో 'పరిధీయ నాడీ వ్యవస్థపై స్వయం ప్రతిరక్షక దాడి' అని రాసుకెళ్లాను. కమిటీలో డాక్టర్లు కానివాళ్లు కూడా ఉంటారు. వాళ్లలో ఒకావిడ అది చదివి, "అమ్మా, ఇది మా అత్తగారికి వినిపిస్తే ఏమర్థమవుతుంది?" అన్నారు. మూడోసారికి ఇలా కుదిరింది: 'కరెంటు వైరు మీద ప్లాస్టిక్ తొడుగు ఉన్నట్టే నరం మీదా ఒక పొర ఉంటుంది. రోగాలతో పోరాడాల్సిన శక్తి పొరపాటున ఆ పొరను దెబ్బతీస్తోంది.' కొందరిలో పొర కాదు, లోపలి తీగే దెబ్బతింటుందని, 1990ల మొదట్లో ఉత్తర చైనా పిల్లల్లో అలాంటి కేసులను వర్ణించారని కూడా రాద్దామని చెయ్యి లాగింది. మా గైడ్ ఎర్ర పెన్నుతో కొట్టేశారు. ఆయనదే రైటు.

పాలమూరు వైపు నుంచి వచ్చిన ఒక రైతును అడిగితే కాళ్లలో బలం తగ్గిందని చెప్పలేదు. "నడుస్తుంటే చెప్పు జారిపోతుంది మేడమ్, ఊడింది కూడ తెలుస్తలేదు" అన్నాడు. పరీక్షల కోసం చదివిన ఏ పుస్తకంలోనూ ఈ జబ్బును ఇంత బాగా చెప్పలేదు.

ఈ జబ్బులో అసలు భయం కాళ్లు కాదు, ఊపిరి. ఛాతీ కండరాలు పడిపోతున్నా మనిషి మామూలుగానే మాట్లాడుతుంటాడు. అందుకే గుండెల నిండా గాలి పీల్చి, ఒక్క ఊపిరిలో ఎంతదాకా లెక్కపెట్టగలరో చూస్తాం. అంకె 20 లోపు పడుతోందంటే ఐసీయూలో బెడ్డు వెతకడం మొదలుపెట్టాలి. ఆ రైతుకు పొద్దున 24 వచ్చింది. సాయంత్రం రౌండ్స్‌కి వెళ్లేసరికి భార్యే ఎదురొచ్చి చెప్పింది: "మేడమ్, పద్నాలుగు కాడనే దమ్ము ఆగుతుంది." నేను చెప్పకుండానే ఆమె గంటగంటకీ లెక్కపెట్టిస్తోంది. ఆ రాత్రే వెంటిలేటర్ మీద పెట్టాం.

నా థీసిస్‌కి రక్తం శాంపిల్ కావాలి, అదీ ఐవీఐజీ ఎక్కించకముందే. ఆ మందు వేలమంది దాతల రక్తం నుంచి తీసిన యాంటీబాడీలు. ఒకసారి ఎక్కిస్తే రోగి సొంత యాంటీబాడీలేవో తేల్చడం కష్టం. డోసు కిలోకి 2 గ్రాములు, ఐదు రోజుల్లో. 60 కిలోల మనిషికి 5 గ్రాముల సీసాలు 24. బయట ఇంటివాళ్లు బంగారం కుదువపెట్టి డబ్బు తెస్తుంటే, లోపల నేను సంతకం కోసం కాగితం పట్టుకుని నిలబడాలి. ఇది మాత్రం చివరిదాకా అలవాటు కాలేదు.

నరాల పరీక్షలో నాకు తోడు మా టెక్నీషియన్. కాలి సూరల్ నరం సిగ్నల్ బాగుండి చేతి నరాల్లో పడిపోతే, నాకంటే ముందు ఆయనే "మీ కేసే మేడమ్" అనేవాడు. ఈ జబ్బు మీద 1916లో గులియన్, బారే, స్ట్రోల్ ముగ్గురూ కలిసి రాశారనీ, యంత్రంతో రికార్డింగులు తీసిన స్ట్రోల్ పేరే వాడుకలో జారిపోయిందనీ ఒకరోజు చెప్పాను. "మరి, మెషీన్ దగ్గర కూర్చునేవాడి పేరెవడికి కావాలి!" అని నవ్వాడు. థీసిస్ కృతజ్ఞతల్లో మొదటి పేరు ఆయనదే పెట్టాను.

రెండో ఏడు ఒక ఆదివారం, ఆ రక్తం శాంపిళ్లు దాచిన మైనస్ 80 డిగ్రీల ఫ్రీజర్ ఆగిపోయింది. అలారం మోగిందట, వినేవాళ్లు లేరు. సోమవారం మూత తీస్తే గొట్టాల చుట్టూ నీళ్లు. యాంటీబాడీల అధ్యాయం అక్కడితో సరి. రెండు రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు. తర్వాత గైడ్ టీ తాగించి, "ఆర్నెల్లకి ఎవరెలా ఉన్నారో అదే రాయి" అన్నారు.

అలా ఫోన్లు పట్టుకున్నాను. కేస్ షీట్‌లో నంబరు రోగిది కాదు, బావమరిదిదో పక్కింటివాళ్లదో. జీబీఎస్ రోగి ఎంత కోలుకున్నాడో అంకెల్లో చెప్పే స్కేలు ఒకటుంది. దాని ప్రకారం ఆసరా లేకుండా పది మీటర్లు నడిస్తే 2, ఆసరాతో అయితే 3. ఫోన్లో పది మీటర్లంటే ఎవరికి తెలుస్తుంది? "మంచం కాడి నుంచి గేటు దాకా" అని అడగడం నేర్చుకున్నాను.

పాలమూరు రైతు నాలుగో ప్రయత్నానికి దొరికాడు. "కట్టె లేకుండనే పొలం గట్టు దాకా పోతున్న మేడమ్. ఉరుకుడైతే చాతగాదు. చెప్పు ఇంక జారుతనే ఉంది, అందుకని బూట్లు కొన్న."

ఫారంలో 2 వేశాను. బూట్ల సంగతి రాయడానికి అందులో గడి లేదు.