మావయ్యా, కాల్చకు!

మూడు నిమిషాల నలభై సెకన్లు. కంప్యూటర్ ఆటలో ఫ్లెచర్ అనే యుద్ధనౌకతో ఆడిన మొదటి మ్యాచ్‌లో నేను బతికింది అంతే. ఆట మొత్తం 20 నిమిషాలు. రెండో మ్యాచ్‌లో కాస్త నయం, నాలుగున్నర నిమిషాలు. మూడోసారి మళ్లీ మొదటికొచ్చింది. పక్కన కూర్చుని ఫోన్ చూసుకుంటున్న మా మేనల్లుడు తల కూడా ఎత్తకుండా అడిగాడు, "అప్పుడే పోయావా మావయ్యా?"

వాడికి పదహారేళ్లు, నాకు నలభై దాటాయి. వరల్డ్ ఆఫ్ వార్‌షిప్స్ అనే ఈ ఆటను నాకు అంటించింది వాడే. రెండో ప్రపంచ యుద్ధం నాటి ఓడలతో పన్నెండు మంది ఒకవైపు, పన్నెండు మంది ఇంకోవైపు ఉండి కొట్టుకోవడం. కొన్నాళ్లు బ్యాటిల్‌షిప్పులు, అంటే భారీ తుపాకులున్న పెద్ద ఓడలు ఆడాను. ఎడ్లబండిలా మెల్లగా తిరుగుతాయి, ఒకసారి పేల్చాక మళ్లీ పేల్చడానికి అర నిమిషం ఆగాలి. విసుగొచ్చి చిన్నగా, చురుగ్గా ఉండే అమెరికన్ డిస్ట్రాయర్ల వరుస పట్టుకున్నా. ఫారగట్, మహాన్, బెన్సన్ దాటుకుంటూ చివరికి తొమ్మిదో అంచెలో ఫ్లెచర్ దగ్గరికి వచ్చాను.

నిజం చెప్పాలంటే పేరు చూసి మోసపోయాను. డిస్ట్రాయర్ అంటే ఎదురొచ్చినదాన్నల్లా ధ్వంసం చేసేది కాబోలు అనుకున్నా. తర్వాత తెలిసింది, 1890ల్లో ఈ జాతి ఓడకు పెట్టిన అసలు పేరు టార్పెడో బోట్ డిస్ట్రాయర్ అని. టార్పెడో అంటే నీళ్లలో దూసుకెళ్లి ఓడను పేల్చే ఆయుధం; వాటితో పెద్ద ఓడల మీదికి వచ్చే చిన్న పడవలను తరమడం దాని ఉద్యోగం. కాలక్రమంలో ఆ పడవల పని కూడా అదే ఎత్తుకుంది, పేరులో సగం రాలిపోయింది. అంటే పుట్టుకతోనే ఇది కావలి కుక్క, ఏనుగు కాదు. నేనేమో దాన్ని ఏనుగులా నడిపాను.

ఫ్లెచర్ తరగతి ఓడలు యుద్ధకాలంలో 175 కట్టారు. పొడవు 115 మీటర్లకు అటూ ఇటూ, వేగం 36 నాట్లు (గంటకు 65 కిలోమీటర్లు) పైనే, ఐదు 127 మిల్లీమీటర్ల తుపాకులు, ఐదేసి గొట్టాల చొప్పున రెండు తిరిగే దిమ్మెల మీద పది టార్పెడోలు. కవచం అనదగ్గది దాదాపు లేదు. ఆటలో దీని ప్రాణం 20 వేలు కూడా ఉండదు, అవతలి బ్యాటిల్‌షిప్పులకేమో 80, 90 వేలు. అయితే ఆ తుపాకులు ఉన్నాయి చూశారూ, మూడు నాలుగు సెకన్లకోసారి ధడధడమని పేలతాయి. వాటి చప్పుడు వింటూ ఉంటే చెయ్యి ఆగదు. నా జబ్బంతా అక్కడే ఉంది.

నాలుగో మ్యాచ్‌లో మేనల్లుడు ఫోన్ పక్కన పెట్టి నా ఆట చూశాడు. రెండు నిమిషాలు చూసి, "మావయ్యా, నువ్వు చీకట్లో దాక్కుని టార్చిలైటు నీ మొహం మీదే వేసుకుంటున్నావు" అన్నాడు.

వాడు చెప్పింది ఇదీ. ఈ ఆటలో ప్రతి ఓడకూ కనపడే దూరం అని ఒకటుంటుంది. శత్రువు అంతకంటే దగ్గరికి వస్తేనే మనం వాడి తెర మీద కనపడతాం. పెద్ద బ్యాటిల్‌షిప్పులు పన్నెండు, పదమూడు కిలోమీటర్ల నుంచే తెలిసిపోతాయి. ఫ్లెచర్‌కు కెప్టెన్ నైపుణ్యాలు, దాగడానికి పనికొచ్చే సామాను అన్నీ సరిగ్గా పెడితే ఆ దూరం సుమారు 6 కిలోమీటర్లకు దిగుతుంది. అంటే మనం ఏడు కిలోమీటర్ల దూరంలో దాని పక్కనే నడుస్తున్నా దానికి తెలియదు, మనకు మాత్రం అది కనపడుతుంది. మనకు కనపడితే మన జట్టులో అందరికీ కనపడుతుంది. కానీ తుపాకీ పేల్చామా, ఇరవై సెకన్ల పాటు మన కనపడే దూరం ఆ తుపాకీ ఎంత దూరం కొట్టగలదో అంతకు పెరిగిపోతుంది. ఒక్క బటన్‌తో 6 కిలోమీటర్లు 12 దాటిపోతాయి.

నేను ప్రతి మ్యాచ్‌లోనూ చేసింది అదే. శత్రువు కనపడగానే పేల్చడం, కనపడిపోయానని తెర మీద ఆశ్చర్యార్థకం గుర్తు వెలగడం, నలుగురు నా వైపు తిరగడం, నేను పోవడం.

"ఓ వారం రోజులు నీ ఓడకి తుపాకులే లేవనుకో" అన్నాడు వాడు. "అప్పుడు ఎవడైనా ఫ్లెచర్ ఎందుకు ఆడతాడ్రా?" అన్నాను. వాడు నవ్వి, కీబోర్డు మీద 1, 2 అంకెల మీద చిన్న టేపు ముక్క అంటించాడు. ఒకటి మంటలంటించే గుండ్లకు, రెండు కవచం చీల్చే గుండ్లకు. మూడు టార్పెడోలకు. మూడు మాత్రం వదిలేశాడు.

మొదటి రెండు రోజులూ నరకం. గురిలో నిక్షేపంగా ఒక క్రూయిజర్ (మధ్యరకం ఓడ) పక్కకు తిరిగి ఉంటుంది, వేలు టేపు మీద పడి ఆగుతుంది. చేతిలో సిగరెట్ లేనివాడిలా అయిపోయాను. కానీ మూడో రోజుకి ఒక విచిత్రం గమనించాను. పన్నెండు నిమిషాలు బతికి ఉన్నాను, ఒక్క గుండూ పేల్చలేదు, అయినా మ్యాచ్ అయ్యాక జాబితాలో మా జట్టులో నాది మూడో స్థానం. నేను చూపించిన ఓడలను మిగతావాళ్లు కొట్టిన లెక్క నా ఖాతాలోకి వచ్చింది. అవతలి డిస్ట్రాయర్ మా బేస్ వలయంలోకి (పట్టుకుంటే పాయింట్లు వచ్చే చోటు) వస్తే కొట్టకుండా దూరంగా వెంటాడుతూ ఉండేవాణ్ణి, వెనక నుంచి మావాళ్ల గుండ్లు వచ్చి దాని మీద పడేవి. వేలితో చూపించి కొట్టించడమన్న మాట. ఊళ్లో పంచాయితీల్లో ఇలాంటివాళ్లను నేను చాలా తిట్టుకున్నాను.

టార్పెడోలది వేరే చదువు. మూడు నొక్కి ఒక ఓడను ఎంచుకుంటే తెర మీద తెల్లటి పట్టీ ఒకటి పడుతుంది. ఆ ఓడ ఇదే వేగంతో ఇదే దారిలో వెళ్తే టార్పెడో అక్కడ తగులుతుందని అర్థం. కొత్తలో నేను ఆ పట్టీ మీదే పదీ వదిలేవాణ్ణి. ఒక్కటీ తగిలేది కాదు. ఎందుకంటే ఏ మనిషీ నిమిషం పాటు ఒకే దారిన పోడు. దీవి అడ్డొస్తే తిరుగుతాడు, గుండ్లు పడితే తిరుగుతాడు, ఊరికే కూడా తిరుగుతాడు. కాబట్టి పట్టీని చూడకూడదు, అవతలి మనిషి బుర్రను చూడాలి. వాడికి ముందు ఏముంది, ఎవరికి భయపడుతున్నాడు, ఎటు తిరిగితే తన తుపాకులన్నీ వాడుకోవచ్చు? ఐదు పట్టీ మీద, ఐదు వాడు తిరగబోయే వైపు. అలా మొదలుపెట్టాక మ్యాచ్‌కు రెండో మూడో తగలసాగాయి.

పొగ గురించి రెండు ముక్కలు చాలు: అమెరికన్ డిస్ట్రాయర్ల పొగ మిగతావాళ్లకంటే ఎక్కువసేపు నిలుస్తుంది, అందుకని అందులో కూర్చోవాలనిపిస్తుంది, కూర్చోకూడదు. పొగ ఎక్కడుందో అందరికీ కనపడుతుంది కదా, టార్పెడోలు నేరుగా అందులోకే వస్తాయి. ఇక అమెరికన్ క్రూయిజర్ల రాడార్‌కు పొగా లెక్కలేదు, దీవీ లెక్కలేదు. పది కిలోమీటర్ల లోపు ఉంటే చొక్కా విప్పి నిలబెట్టినట్టే. అందుకే ఇప్పటికీ మ్యాచ్ మొదలవగానే నేను చేసే మొదటి పని అవతలి జాబితాలో రాడార్ ఉన్న ఓడలు ఎన్నో లెక్కపెట్టుకోవడం.

ఆ వారంలోనే ఒక రాత్రి నిద్ర పట్టక అసలు ఫ్లెచర్లు యుద్ధంలో ఏం చేశాయో చదివాను. జాన్‌స్టన్ అనే ఫ్లెచర్ తరగతి ఓడ కథ దొరికింది. 1944 అక్టోబర్ 25, ఫిలిప్పీన్స్‌లోని సమర్ దీవి పక్కన సముద్రం. అమెరికావి ఆరు చిన్న విమానవాహక నౌకలు (క్యారియర్లు), వాటికి కాపలాగా జాన్‌స్టన్‌తో కలిపి మూడు డిస్ట్రాయర్లు, నాలుగు ఎస్కార్టులు. పొద్దున్నే హఠాత్తుగా జపాన్ నౌకాదళం ఎదురైంది. యమాటో అనే మహా ఓడతో కలిపి నాలుగు బ్యాటిల్‌షిప్పులు, ఆరు భారీ క్రూయిజర్లు, ఇంకా డిస్ట్రాయర్లు. జాన్‌స్టన్ కమాండర్ ఎర్నెస్ట్ ఎవాన్స్ ముందు పొగ పరిచాడు, తర్వాత పైనుంచి ఆజ్ఞ రాకముందే ఓడను శత్రువు మీదికి తిప్పాడు. దారి పొడుగునా తుపాకులు పేలుస్తూ వెళ్లి పది టార్పెడోలూ వదిలాడు. కుమానో అనే భారీ క్రూయిజర్ ముక్కు ఎగిరిపోయింది.

ఇక్కడ ఒక తేడా చూడండి. ఆటలో టార్పెడోలు రెండు నిమిషాలకు అటూ ఇటూగా మళ్లీ నిండుతాయి. నిజం ఫ్లెచర్‌లో నింపుకోవడానికి ఇంకో పది ఉండవు. పదీ వదిలాక అయిపోయినట్టే. ఎవాన్స్ అవి అయిపోయాక కూడా వెనక్కి తగ్గలేదు. ఓడను నడిపే పై గది దెబ్బతింది, ఎడమచేతి రెండు వేళ్లు పోయాయి, ఓడ వెనక భాగానికి వెళ్లి నిలబడి కింద చేతులతో చుక్కాని తిప్పుతున్నవాళ్లకు అరిచి చెబుతూ నడిపాడు. చివరికి ఓడ మునిగింది. 327 మందిలో 186 మంది చనిపోయారు, ఎవాన్స్ మళ్లీ కనపడలేదు. ఆ ఓడ శిథిలం 6,400 మీటర్లకు పైగా లోతులో ఉంది, 2021లో మనుషులు దిగి చూసి వచ్చారు.

మర్నాడు మేనల్లుడికి చెప్పాను. కొంచెం గర్వంగానే, "చూశావా, ఆయన కాల్చాడు కదరా!"

వాడు ఆలోచించాడు. "ఆయన వెనక క్యారియర్లు ఉన్నాయి మావయ్యా. వాటిని వదిలేసి తనని చూడాలనే కాల్చాడు. నువ్వు డ్యామేజ్ నంబర్ కోసం కాలుస్తావు."

నా దగ్గర జవాబు లేదు. పిల్లలకు ఆటలు నేర్పిస్తే పరవాలేదు, వాళ్ల దగ్గర నేర్చుకుంటే మాత్రం పరువు మిగలదు.

వారం అయ్యాక టేపు తీసేశాం. ఆ సాయంత్రం మ్యాచ్ ఒకటి చెప్పాలి.

చివరికి మావైపు ఇద్దరం మిగిలాం. నేను, ఒక క్రూయిజర్. నా ప్రాణం 1,100, అంటే ఎవడు దగ్గినా పోతాను. అవతల ఒక బ్యాటిల్‌షిప్, ఒక రాడార్ క్రూయిజర్. పాయింట్లు వాళ్లవి 890, మావి 850. వెయ్యి ఎవరికి ముందు వస్తే వాళ్లు గెలుస్తారు. బ్యాటిల్‌షిప్ మా క్రూయిజర్‌ను తరుముతూ నాకు పక్కకు తిరిగి పోతోంది, ఏడు కిలోమీటర్ల దూరంలో. నేనున్నట్టు దానికి తెలియదు. టార్పెడోలు నిండడానికి ఇంకా 38 సెకన్లు.

38 సెకన్లు ఎంతసేపో మీకు చెప్పలేను. దూరం మీదే కన్ను. 7.1. 6.9. 6.7. అది నా వైపు కొద్దిగా వంగుతోంది. నేను చుక్కాని పక్కకు లాగాను, ఓడ సోమరిగా ఒరిగింది. 6.4. చూపుడు వేలు ఒకటి అంకె మీద ఉంది, టేపు జిగురు ఇంకా కొంచెం అంటుకుంటోంది. మా క్రూయిజర్ ఆటగాడు చాట్‌లో గట్టిగా అడిగాడు, నువ్వెందుకు కాల్చట్లేదని. మేనల్లుడు నా భుజం మీద చెయ్యి వేశాడు, ఏమీ అనలేదు. 6.3. మళ్లీ 6.5. టార్పెడోలు నిండాయని ఆకుపచ్చ వెలిగింది.

ముందున్న ఒక దీవి వల్ల అది కుడికి తిరగక తప్పదని నా లెక్క. ఐదు పట్టీ మీద, ఐదు దీవి ఇటు పక్కన. వదిలి వెనక్కి తిరిగాను. టార్పెడోలు చేరడానికి చాలాసేపే పడుతుంది. మధ్యలో అది తిరగడం మొదలుపెట్టింది. ఎడమకి! నా ప్రాణం ఉసూరుమంది. కానీ మా క్రూయిజర్ వదిలిన గుండ్లు దాని ముక్కు దగ్గర పడ్డాయి, భయపడి మళ్లీ కుడికి తిరిగింది. సగం తెలివి, సగం అదృష్టం. నాలుగు తగిలాయి. నీళ్లు ఎక్కాయి, పది సెకన్లలో మునిగిపోయింది. మేనల్లుడు అరిచిన అరుపుకి పక్క గదిలోంచి అక్క వచ్చి చూసింది.

ఆ తర్వాత నాలుగు నిమిషాలు నేను చేసింది ఒక బేస్ పట్టి, రాడార్ క్రూయిజర్‌కు పది కిలోమీటర్లు దాటి తచ్చాడడం. చెప్పుకోవడానికి ఏమీ లేదు. మా పాయింట్లు 980 దాటాయి. ఇంకొన్ని సెకన్లు. దూరంగా ఆ క్రూయిజర్ మావాడి మీద గుండ్లు కురిపిస్తోంది, మావాడికి ప్రాణం అడుగంటింది. వాడు మునిగితే మాకు పాయింట్లు తగ్గుతాయి.

పదకొండు కిలోమీటర్లు. నేను ఒకటి నొక్కాను.

"మావయ్యా, కాల్చకు!"

ఐదు తుపాకులూ పేలాయి. మళ్లీ పేలాయి. ఆశ్చర్యార్థకం వెలిగింది. అది మావాణ్ణి వదిలేసి నా వైపు తుపాకులు తిప్పింది, తొమ్మిది గుండ్లు గాల్లోకి లేచాయి. అవి ఇంకా నా మీదికి దిగుతుండగానే పాయింట్లు వెయ్యి తాకి తెర మీద విజయం అని పడింది, ఆట ఆగిపోయింది.

మావాణ్ణి కాపాడడానికే కాల్చానని మేనల్లుడికి చెప్పాను. వాడు కీబోర్డు వైపు, తర్వాత నా వైపు చూసి, టేపు ఎక్కడ పెట్టాడో వెతకడానికి లేచాడు.