మేం ఉంటున్న ఇంట్లోనే ఉంటున్నామని రుజువు చేసుకున్న కథ

పాప బడికి వెళ్లడం మొదలుపెట్టి ఈరోజుకి నాలుగు రోజులు. పొద్దున్న డబ్బాలో పులిహోర పెట్టి పంపాను, సగం తిని సగం వెనక్కి తెచ్చింది. అంటే అంతా మామూలైపోయినట్టే. అమెరికాలో పాపని బడిలో చేర్చడానికి పడ్డ పాట్ల మీద నా కోపం మాత్రం ఇంకా చల్లారలేదు. చల్లారాక రాస్తే అందరూ మంచివాళ్లే అయిపోతారు కాబట్టి ఇప్పుడే రాసేస్తున్నాను.

మేం జూలై ఇరవైన హైదరాబాద్ నుంచి డాలస్ వచ్చాం. ఊరికి ఉత్తరాన, కాలిన్ కౌంటీ (కౌంటీ అంటే మన జిల్లా లాంటిది) వైపు ఉన్న వదిన వాళ్లింట్లో దిగాం. వదిన అంటే మా ఆయన అక్క. అప్పుడే వచ్చినవాళ్లకి ఇక్కడ క్రెడిట్ హిస్టరీ, అంటే అప్పులు సరిగ్గా తీర్చిన చరిత్ర, ఉండదు, అది లేకపోతే అపార్ట్‌మెంట్ వాళ్లు సవాలక్ష అడుగుతారు. అందుకని "రెండు నెలలు ఇక్కడే ఉండండి, తొందరేముంది" అంది వదిన. తొందర మాకు లేదు గానీ స్కూల్‌కి ఉంది. టెక్సస్‌లో ఆగస్టు రెండో వారానికల్లా బడులు తెరుస్తారు.

ఇక్కడ స్కూల్ డిస్ట్రిక్ట్ అంటే మన మండల విద్యాశాఖ లాంటిది అనుకున్నాను. కాదు. అది ఊరికీ కౌంటీకీ సంబంధం లేని వేరే ప్రభుత్వం. దాని బోర్డుని జనం ఓట్లేసి ఎన్నుకుంటారు, సభ్యులకి జీతం ఉండదు. ఇంటి పన్నులో అన్నిటికంటే పెద్ద ముక్క దానికే పోతుంది. దాని హద్దులూ ఊరి హద్దులూ ఒకటి కావు. ఫ్రిస్కో అని అడ్రస్ ఉన్న ఇళ్లలో కొన్ని ప్రాస్పర్ డిస్ట్రిక్ట్‌లోకి వస్తాయి, కొన్ని లూయిస్‌విల్ డిస్ట్రిక్ట్‌లోకి వస్తాయి. ఇల్లు తీసుకునేటప్పుడు ఊరి పేరు చూసి మురిసిపోకండి, డిస్ట్రిక్ట్ వెబ్‌సైట్‌లో ఇంటి నంబరు కొట్టి చూసుకోండి.

ఆన్‌లైన్ ఫారం ఒక సాయంత్రంలో అయిపోయింది. పాపకి సోషల్ సెక్యూరిటీ నంబరు లేదు, ఫర్వాలేదట, వాళ్లే ఒక నంబరు ఇస్తారు.

తీసుకెళ్లిన కాగితాల్లో ఎవరూ అడగనివే ఎక్కువ. వీసా కాగితాలన్నీ వరసగా ఫైల్ చేసుకుని వెళ్లాను, ఎవరూ ముట్టుకోలేదు. 1982లో సుప్రీంకోర్టు తీర్పు ఉందట, ఏ వీసా ఉన్నా లేకపోయినా పిల్లల్ని ప్రభుత్వ బడిలో చేర్చుకోవాల్సిందే. ఆ కేసు పుట్టింది ఈ టెక్సస్‌లోని టైలర్ అనే ఊళ్లోనే. అంతకంటే మండింది టీసీ విషయంలో. పాప వెళ్లిన హైదరాబాద్ ప్రైవేట్ స్కూల్ వాళ్లు, రానున్న టర్మ్ ఫీజు కూడా కట్టించుకున్నాకే టీసీ చేతిలో పెట్టారు. మా ఆయన మూడుసార్లు సెలవు పెట్టి తిరిగారు. ఇక్కడ కౌంటర్లో దాన్ని బయటికి తీస్తే ఆవిడ అటూ ఇటూ తిప్పి చూసి, "బాగుంది, ఇదేంటి?" అంది. మార్కుల కాగితం చాలట.

టీకాల దగ్గర ఒక తమాషా జరిగింది. పాప 2017 జూలైలో పుట్టింది. మన డాక్టరుగారు పుస్తకంలో చేత్తో 03/11/2017 అని రాసి సంతకం పెట్టారు, అంటే నవంబరు మూడు. ఇక్కడివాళ్లు నెల ముందు రాస్తారు కాబట్టి స్కూల్ నర్సు మార్చి పదకొండు అని కొట్టింది. పుట్టకముందే టీకా వేయించారా అని కంప్యూటర్ ఎర్రగా అయిపోయింది. మీరు బయల్దేరేముందు తేదీలన్నీ నెల పేరుతో మళ్లీ రాయించి డాక్టర్ ముద్ర వేయించుకోండి, ఇది మాత్రం నిజంగా పనికొచ్చే మాట. ఇంకోటి, 2016 ఏప్రిల్ తర్వాత మన దగ్గర వేసిన పోలియో చుక్కలు ఇక్కడ లెక్కలోకి రావు, ఇంజెక్షనే లెక్క. తొమ్మిదో నెలలో వేసిన తట్టు టీకా కూడా లెక్క కాదు, ఏడాది నిండాక వేసిందే లెక్క. పాపకి పోలియో ఇంజెక్షన్లు నాలుగు ఉన్నాయి, కానీ నాలుగేళ్లు నిండాక వేసింది చుక్కలు. దాంతో ఇంకో ఇంజెక్షన్ పడింది. పల్స్ పోలియో ఆదివారాల్లో లైన్లో నిలబడి వేలికి సిరా పూయించుకొచ్చిన నా శ్రమంతా బూడిదలో పోసిన పన్నీరైంది.

ఇవన్నీ ఒక ఎత్తు, అడ్రస్ ఒక్కటీ ఒక ఎత్తు.

ఇల్లు మీ పేరు మీద ఉంటే అద్దె ఒప్పందమో కరెంటు బిల్లో చూపిస్తే అయిపోతుంది. మా పేరు మీద ఏముంది? రెండు సూట్‌కేసులు, ఒక ప్రెషర్ కుక్కర్. కౌంటర్ ఆవిడ మర్యాదగానే అడిగింది, ఎవరింట్లో ఉంటున్నారని. మా ఆయన అక్క ఇంట్లో అన్నాను. ఒక పసుపు రంగు కాగితం నా ముందుకి తోసి, అందులో ప్రశ్నని పైకి చదివింది. ఆవిడ గొంతు ఆ హాలుకి సరిపడా ఉంది.

"ఇల్లు కోల్పోవడం వల్ల గానీ ఆర్థిక ఇబ్బందుల వల్ల గానీ వేరేవాళ్లింట్లో ఉంటున్నారా?"

వెనక లైన్లో రెండు తెలుగు కుటుంబాలు. ఒకావిడ అప్పటిదాకా పిల్లాణ్ని కసురుతోంది, ఠక్కున ఆపేసింది. మా ఆయనకి పద్నాలుగేళ్ల అనుభవం, కంపెనీ విమానం టికెట్లిచ్చి మరీ తీసుకొచ్చింది. ఆయన ముఖం చూడలేకపోయాను. కాగితం చివర చిన్న అక్షరాల్లో 1987 నాటి చట్టం పేరు, ఇల్లు లేని పిల్లల గురించి. ఇల్లు లేనివాళ్లమా మేము? కొంపల్లిలో మూడు బెడ్‌రూముల ఫ్లాటు అద్దెకిచ్చి వచ్చాం! ఆ మాట ఆవిడతో కూడా అన్నాను, ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తోంది. కొంపల్లి ఆవిడకేం తెలుసు? 'కాదు' అన్న గడిలో కాగితం చిరిగేంత గట్టిగా టిక్కు పెట్టాను.

తర్వాత స్కూల్ కౌన్సెలర్ చెప్పింది. ఆ గడిలో 'అవును' అని ఉండి, పరిస్థితి నిజంగా అదే అయితే, ఏ కాగితమూ లేకపోయినా పిల్లని వెంటనే క్లాసులో కూర్చోబెట్టాలట, మిగతావి తర్వాత చూసుకుంటారట. మాకది వర్తించకపోవచ్చు, మేం కావాలని వదిన దగ్గర ఆగినవాళ్లం. కానీ ఉద్యోగాలు పోయి స్నేహితుల ఇంట్లో ఒక గదిలో సర్దుకుంటున్నవాళ్లు మనవాళ్లలో లేరా? వెనక తెలుగువాళ్లున్నారని వాళ్లు కూడా నాలాగే 'కాదు' అని కొట్టి ఉంటారు. పరువు అనేది పెద్దవాళ్లది, పోయే క్లాసులు పిల్లలవి. ఇది చదివేవాళ్లలో అలాంటివాళ్లుంటే ఆ గడి దగ్గర సిగ్గుపడకండి.

'కాదు' అన్నాం కాబట్టి రెండో దారి, అఫిడవిట్. ఫలానా కుటుంబం మా ఇంట్లోనే ఉంటోందని ఇంటివాళ్లు నోటరీ ముందు సంతకం పెట్టాలి, వాళ్ల కరెంటు బిల్లు, డ్రైవింగ్ లైసెన్సు జతచేయాలి. అబద్ధమైతే నేరమనీ, ట్యూషన్ ఫీజు వసూలు చేస్తామనీ, ఇంటికొచ్చి చూస్తామనీ అందులో ఉంటుంది.

వదిన ఆ కాగితాన్ని భోజనాల బల్ల దగ్గర కూర్చుని అక్షరం వదలకుండా పైకి చదివింది. నేరం అన్న దగ్గర ఒకసారి ఆగింది. "అంటే మా మీదకేమన్నా వస్తుందా?" అంది. రాదు వదినా, మేం నిజంగానే ఇక్కడ ఉంటున్నాం కదా, ఈ పప్పు నేనే వండాను కదా అన్నాను. "అదికాదమ్మా, ఊరికే అడిగాను" అంది. ఊరికే అడిగిన మాటలు ఎలా ఉంటాయో ఆడపడుచు ఇంట్లో ఉన్నవాళ్లకి తెలుసు.

సరే, సంతకం పెట్టింది. వెళ్లాం. కరెంటు బిల్లు అన్నయ్య, అంటే వదిన వాళ్లాయన, పేరు మీద ఉంది, వదిన పేరు లేదు, చెల్లదు. వెనక్కొచ్చాం. రెండు రోజులు పోయాయి, బడి తెరిచేశారు. ఎదురింటి పిల్లలు సంచులు తగిలించుకుని పోతుంటే పాప కిటికీ దగ్గర నిలబడి చూసేది. ఇంటికొచ్చి చూస్తామన్నారు కదా, బెల్లు మోగినప్పుడల్లా టెన్షన్. పాప చెప్పులు గుమ్మం దగ్గర కనపడేలా పెట్టేదాన్ని. తీరా చూస్తే ప్రతిసారీ అమెజాన్ వాడే. ఇప్పటిదాకా ఒక్కరూ రాలేదు.

ఇక అన్నయ్య గురించి చెప్పాలి. మనిషి బంగారం, కానీ ఇరవై ఏళ్లుగా అమెరికాలో ఉన్నాననే విషయం గంటకోసారి గుర్తుచేస్తారు. "ఈ దేశంలో పేపర్‌వర్క్ పక్కాగా ఉండాలమ్మా, మన దగ్గరలా మేనేజ్ చేద్దామంటే కుదరదు" అని కారులో దారంతా చెప్పారు. నోటరీ పని బ్యాంకులో డబ్బులు లేకుండానే అయిపోయింది. కౌంటర్ ఆవిడ బిల్లు చూసింది, అఫిడవిట్ చూసింది, అన్నయ్య లైసెన్సు చూసింది. మళ్లీ బిల్లు చూసింది.

లైసెన్సు మీద పాత అపార్ట్‌మెంట్ అడ్రస్. ఆయన ఈ ఇల్లు కొనుక్కుని నాలుగేళ్లయింది. ఇల్లు మారాక ముప్పై రోజుల్లో లైసెన్సు మీద మార్పించుకోవాలనేది ఈ రాష్ట్రం రూలు.

"సర్, మీరు ఆ ఇంట్లో ఉంటున్నట్టు ఏమైనా రుజువుందా?" అని అడిగింది ఆవిడ.

అన్నయ్య నోట మాట రాలేదు. నెలనెలా లోన్ కట్టేది ఆయనే, వెనక పెరట్లో కరివేపాకు మొక్కకి చలికాలం దుప్పటి కప్పేదీ ఆయనే. నాకు నవ్వు ఆగలేదు, నీళ్ల సీసా మూత తీసి తాగుతున్నట్టు నటించాను. ఆ క్షణం కోసం ఇంకో రెండు రోజులు పోయినా ఫర్వాలేదనిపించింది, నిజం చెప్పాలంటే. పోయాయి కూడా. ఆయన ఆన్‌లైన్‌లో అడ్రస్ మార్పించుకుని ఆ కాగితం ప్రింటు తీసేసరికి శుక్రవారం దాటింది. మొత్తం ఆరు బడి రోజులు. ఆ తర్వాత కారులో అమెరికా పాఠాలు కాస్త తగ్గాయి.

ఇంకొక్క సంగతి. ఫారంలో ఇంట్లో ఏ భాష మాట్లాడతారని అడుగుతారు. "ఇంగ్లిష్ అని కొట్టెయ్, లేకపోతే పాపని వేరే క్లాసులో పడేస్తారు" అని వదిన స్నేహితురాళ్లు ముగ్గురు చెప్పారు. నేను తెలుగు అనే రాశాను. అడ్రస్ గురించి నిజం చెప్పడానికి ఇంత పాట్లు పడి, భాష గురించి అబద్ధమెందుకు? ఇంగ్లిష్ పరీక్ష పెట్టారు, అంతే. అరగంటకి పైగా కూర్చోబెట్టారు. పాప దర్జాగా రాసి వచ్చింది, ఏ ప్రత్యేక క్లాసూ అక్కర్లేదన్నారు. ఆ ముగ్గురికీ ఫోన్ చేసి చెప్పాను, చెప్పకుండా ఉండలేకపోయాను.

మూడో తరగతిలో కూర్చుంది. పొద్దున్నే జెండాకి రెండు ప్రతిజ్ఞలు చెబుతారట, ఒకటి దేశానికి, ఒకటి టెక్సస్‌కి. రెండోది పాపకి అప్పుడే నోటికొచ్చేసింది. మాకు బస్సు రాదు, రెండు మైళ్లు దాటితేనే ఇస్తారు. అన్నయ్యే రోజూ కారులో దింపుతున్నారు, పాపం.

నెలాఖరుకి అపార్ట్‌మెంట్‌కి మారుతున్నాం. అదే డిస్ట్రిక్ట్, అదే ఎలిమెంటరీ. అందుకోసం అద్దె నూట యాభై డాలర్లు ఎక్కువైనా ఒప్పుకున్నాం. కరెంటు కనెక్షన్ ఎవరి పేరు మీద తీసుకుందామని మా ఆయన అడిగారు. నా పేరు మీదే తీసుకున్నాను.